సెకండ్ హ్యాండ్ కారు: టైమింగ్ బెల్టు, వాటర్ పంపు ఎప్పుడు మార్చాలి

టైమింగ్ బెల్టు అంటే లోపలివైపు పళ్ళున్న రబ్బరు పట్టీ. ఇంజనుకు ఒక పక్కన, ప్లాస్టిక్ కవరు వెనక దాగి ఉంటుంది. కింద క్రాంక్ షాఫ్టుకూ పైన క్యామ్ షాఫ్టుకూ కలిపి దాన్ని చుట్టి బిగిస్తారు. పిస్టన్లు ఆడేది క్రాంకు మీద. వాల్వులను తెరిచేది క్యాము. క్రాంకు రెండు చుట్లు తిరిగే లోపు క్యాము సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. అందుకే పై పుల్లీకి కింది పుల్లీకన్నా రెట్టింపు పళ్ళు ఉంటాయి. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు క్రాంకు సెకనుకు 50 సార్లు తిరుగుతుంది, ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. ఇంత వేగంలో పైనా కిందా ఒకే లెక్క నడిపిస్తున్నది ఆ రబ్బరు పట్టీ ఒక్కటే.

బెల్టు తెగితే క్యాము అక్కడికక్కడ ఆగిపోతుంది. బండి మాత్రం వేగంలో ఉంటుంది, గేరు వేసి ఉంటుంది కాబట్టి చక్రాలు క్రాంకును ఇంకా తిప్పుతూనే ఉంటాయి. తెరుచుకుని కిందికి దిగి ఉన్న వాల్వులకు పైకొచ్చే పిస్టన్లు తగులుతాయి. వాల్వులు వంగుతాయి, గైడ్లు పగులుతాయి, ఒక్కోసారి పిస్టన్ నెత్తిన గాటు పడుతుంది. కొన్ని పెట్రోలు ఇంజన్లలో వాల్వుకూ పిస్టనుకూ మధ్య చాలినంత జాగా వదిలి ఉంటారు. వాటిలో బెల్టు తెగితే బండి ఆగుతుందే తప్ప లోపల ఏమీ విరగదు. డీజిల్ ఇంజన్లలో ఆ వెసులుబాటు దాదాపు ఉండదు. గాలిని బాగా నొక్కి, ఆ వేడితోనే డీజిల్‌ను మండించాలి కాబట్టి పిస్టను పైకొచ్చినప్పుడు హెడ్డుకూ దానికీ మధ్య మిగిలే జాగా చాలా తక్కువ. డీజిల్ కారులో బెల్టు తెగిందంటే హెడ్డు దించాల్సిందేనని మెకానిక్కులు చూడకుండానే చెప్పేది ఇందుకే.

నడుస్తున్న కారు ఒక్కసారిగా ఆగిపోతే మన దగ్గర చాలామంది చేసే పని సెల్ఫు మళ్ళీ మళ్ళీ కొట్టడం. అదీ పనిచేయకపోతే నలుగురిని పిలిచి తోయించడం. బెల్టు తెగిన ఇంజనుకు ఈ రెండూ చేటే. సెల్ఫు కొట్టినప్పుడు ఇంజను మామూలుకన్నా తేలిగ్గా, గిర్రున తిరుగుతున్న శబ్దం వస్తే లోపల కంప్రెషన్ లేదని అర్థం. బెల్టు పోయిందని అనుమానించాలి. అక్కడితో తాళం తీసేసి, గేరును న్యూట్రల్‌లో పెట్టి టోచన్ చేయించుకోవడమే మంచిది. ఆటోమేటిక్ గేరు బండి అయితే తాడుతో లాగడం కన్నా ఫ్లాట్‌బెడ్ వాహనం ఎక్కించడం క్షేమం. మొదట నాలుగు వాల్వులే వంగి ఉంటే, పట్టుదలగా సెల్ఫు కొట్టేకొద్దీ మిగిలినవీ వంగే ప్రమాదం ఉంది.

అన్ని కార్లలోనూ ఈ బెల్టు ఉండదు. పాత అంబాసిడర్‌లో, ప్రీమియర్ పద్మినిలో ఉన్నది ఇనుప చెయిన్. కార్లలో పళ్ళ రబ్బరు బెల్టును పెద్ద ఎత్తున మొదట వాడింది జర్మనీకి చెందిన గ్లాస్ కంపెనీ, 1962లో, తన 1004 మోడల్‌లో. చప్పుడు తక్కువ, బరువు తక్కువ, ఖర్చూ తక్కువ కావడంతో తరవాతి మూడు దశాబ్దాల్లో ప్రపంచమంతా పాకింది. భారతదేశంలో మధ్యతరగతి ఇంటికి అది మారుతి 800తో వచ్చింది. జెన్, ఎస్టీమ్, హ్యుందాయ్ శాంత్రో, టాటా ఇండికా డీజిల్, అన్నీ బెల్టు బండ్లే. ఆ తరవాత గాలి మళ్ళీ చెయిన్ వైపు తిరిగింది. మారుతిలో కె సిరీస్ పెట్రోలు ఇంజన్లకూ, స్విఫ్ట్, డిజైర్ వంటి వాటిలో వచ్చిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజనుకూ చెయినే. హ్యుందాయ్ ఐ10లో 1.1 లీటర్ల ఇంజనుకు బెల్టు, 1.2 కప్పా ఇంజనుకు చెయిన్. పేరు ఒకటే, లోపల వేరు. పాత ఇన్నోవా 2.5 డీజిల్‌కు బెల్టు, ఇన్నోవా క్రిస్టా 2.4 డీజిల్‌కు చెయిన్. కాబట్టి కారు పేరు చెప్పి బెల్టు ఉందా అని అడిగితే ఒక్కోసారి సమాధానం రాదు. మోడల్ సంవత్సరం, ఇంజను సైజు, ఇంధనం, ఈ మూడూ చెప్పాలి.

ఇక వాటర్ పంపు. రేడియేటర్‌లోని కూలెంటును ఇంజను చుట్టూ తిప్పేది ఇదే. లోపల రెక్కల చక్రం, దాన్ని మోసే షాఫ్టు, షాఫ్టుకు బేరింగు, కూలెంటు బేరింగులోకి రాకుండా అడ్డుకునే సీలు, అంతే దాని నిర్మాణం. సీలుకూ బేరింగుకూ మధ్య పంపు ఒంట్లో చిన్న రంధ్రం వదులుతారు. సీలు అరిగి కూలెంటు దాటిందంటే బేరింగును పాడుచేయకముందే ఆ రంధ్రంలోంచి బయటికి కారాలన్నది ఆలోచన. టార్చి వేసి చూస్తే పంపు పాడైందో లేదో చెప్పే మొదటి సాక్ష్యం ఆ రంధ్రం దగ్గరే దొరుకుతుంది: ఎండిపోయిన గులాబీ రంగో, ఆకుపచ్చో, తెల్లటి ఉప్పు పేరుకున్నట్టో ఒక చార. కొత్త పంపుకు మొదట్లో కాస్త చెమ్మ కనిపించడం మామూలే. చార కిందిదాకా జారి, రోజురోజుకూ ముదురుతుంటే పంపు పని అయిపోయినట్టు.

బెల్టుతో పాటు పంపు మార్చాలా వద్దా అన్న చర్చ మెకానిక్ షెడ్లలో ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. జవాబు నిజానికి పంపును ఏది తిప్పుతోందన్న దాన్నిబట్టి ఉంటుంది. కొన్ని ఇంజన్లలో పంపును తిప్పేది టైమింగ్ బెల్టే. రెనో డస్టర్, లోగాన్, నిస్సాన్ టెరానో, సన్నీ డీజిల్ వంటి వాటిలో ఉన్న 1.5 లీటర్ల డీసీఐ ఇంజను, ఫోర్డ్ ఫిగో, ఫియెస్టా, ఎకోస్పోర్ట్ కార్ల టీడీసీఐ డీజిల్ ఇంజన్లు, స్కోడా, ఫోక్స్‌వాగన్‌ల టీడీఐ డీజిళ్ళు ఈ కోవలోవే. వీటిలో పంపు బేరింగు బిగుసుకుంటే పంపుతోనే కథ ఆగదు. ఆగిన పుల్లీ మీద బెల్టు రాపిడికి కాలి తెగుతుంది, లేదా దాని పళ్ళు ఊడిపోతాయి. అంటే పంపు పాడైతే పోయేది ఇంజను. పంపు కారినా అంతే, కూలెంటు బెల్టు మీద పడి దాని ఆయుష్షు తీస్తుంది. ఇలాంటి ఇంజనులో కొత్త బెల్టు వేసి పాత పంపు ఉంచడం తప్పుడు పొదుపు. పంపు ధర కన్నా దాన్ని చేరుకోవడానికి అయ్యే కూలీ ఎక్కువ. బెల్టు మార్చడానికి ఆ కూలీ ఎలాగూ కట్టారు.

రెండో రకంలో పంపును తిప్పేది బయటి ఫ్యాన్ బెల్టే గానీ, పంపు కూర్చున్నది టైమింగ్ కవరు వెనక. పంపు బిగుసుకుంటే టైమింగ్ బెల్టు తెగదు, కానీ పంపు మార్చాలంటే టైమింగ్ బెల్టు విప్పక తప్పదు. ఇక్కడా బెల్టుతో పాటే మార్చడం లాభం. మూడో రకంలో పంపు పూర్తిగా బయటే ఉంటుంది, ఫ్యాన్ బెల్టు తీస్తే చేతికొస్తుంది. పాత ఇన్నోవా డీజిల్ ఇందుకు ఉదాహరణ. అలాంటి చోట కారని, చప్పుడు చేయని పంపును ఊరికే మార్చమనడం కస్టమరు జేబుకు చిల్లు పెట్టడమే. చెయిన్ బండ్లలో ఎక్కువవాటికి కూడా ఇదే వర్తిస్తుంది. మినహాయింపులు లేకపోలేదు: అమెరికాలో ఫోర్డ్ అమ్మిన 3.5 లీటర్ల వి6 ఇంజను అడ్డంగా అమర్చిన మోడళ్ళలో వాటర్ పంపు ఇంజను లోపలే ఉండి, టైమింగ్ చెయిన్‌తో తిరుగుతుంది. అక్కడి తెలుగువాళ్ళు పాత ఎక్స్‌ప్లోరర్, ఎడ్జ్ కొనేటప్పుడు ఇంజనాయిల్ డిప్‌స్టిక్ తీసి చూడాలి. ఆయిల్ పాలకాఫీ రంగులోకి మారి ఉంటే ఆ పంపు కూలెంటును ఆయిల్లోకి వదులుతోందేమో అనుమానించాలి.

బెల్టు ఎప్పుడు మార్చాలో చెప్పే అధికారం ఆ ఇంజను తయారుచేసిన కంపెనీదే. ఓనర్స్ మాన్యువల్‌లోనో, సర్వీసు షెడ్యూల్ పట్టికలోనో రెండు అంకెలు ఉంటాయి: ఇన్ని కిలోమీటర్లు, లేదా ఇన్నేళ్ళు, ఏది ముందొస్తే అది. పాత తరం ఇంజన్లకు 60 వేల నుంచి లక్ష కిలోమీటర్ల మధ్య, నాలుగైదేళ్ళు అన్నది తరచుగా కనిపించే గడువు. కొత్త తరం బెల్టులకు లక్షన్నర, అంతకు మించి కూడా ఇచ్చే కంపెనీలున్నాయి. ఒక కారు గడువు ఇంకో కారుకు పనికిరాదు. ఒకే కంపెనీలో రెండు ఇంజన్లకు కూడా ఒకటే ఉండాలని లేదు. ఒకే ఇంజనుకు కూడా కంపెనీ దేశాన్నిబట్టి వేరు గడువు పెట్టొచ్చు, కాబట్టి ఇంటర్నెట్‌లో దొరికే యూరప్ అంకె నమ్ముకోకుండా భారతదేశంలో ఇచ్చిన పుస్తకమే చూడాలి.

సెకండ్ హ్యాండ్ కొనుగోలులో ఎక్కువమంది దెబ్బతినేది ఈ 'ఏది ముందొస్తే అది' దగ్గరే. 2017లో తయారైన డీజిల్ కారు ఒకటి 2025లో అమ్మకానికి వచ్చిందనుకుంటే, మీటరు మీద 58 వేలే ఉన్నాయి, బెల్టు గడువు లక్ష కిలోమీటర్లు లేదా ఐదేళ్ళు. అమ్మేవారు 'తక్కువ తిరిగిన బండి, ఇంకా 42 వేలు ఉంది' అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, సగం పట్టిక చదివారు. ఆ బెల్టు గడువు 2022లోనే తీరిపోయింది. రబ్బరు నడిచినా ముసలిదవుతుంది, నిలిచినా ముసలిదవుతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు కవరు కప్పి సెల్లార్‌లో ఉన్న కారు మీటరు మీద పడుచుగా కనిపించినా బెల్టుకు వయసు దాగదు.

కిలోమీటర్ల లెక్కలోనూ ఒక మెలిక ఉంది. బెల్టు తిరిగేది ఇంజనుతో, చక్రాలతో కాదు. హైదరాబాద్ అమీర్‌పేట సిగ్నల్లో బండి కదలకుండా నిలబడినా బెల్టు తిరుగుతూనే ఉంటుంది. సగటున గంటకు 20 కిలోమీటర్ల వేగంతో నగరంలో నడిచిన కారు 60 వేల కిలోమీటర్లు పూర్తిచేయడానికి 3,000 గంటలు ఇంజను నడపాలి. విజయవాడ హైవే మీద సగటున 60తో వెళ్ళిన కారుకు అదే దూరానికి 1,000 గంటలు చాలు. మీటరు మీద అంకె ఒకటే, బెల్టు తిరిగిన గంటలు మూడింతలు తేడా. కంపెనీలు తీవ్రమైన వాడకం పేరుతో వేరే, తక్కువ గడువు ఇచ్చేది ఇలాంటి బండ్ల కోసమే: ట్రాఫిక్, దుమ్ము, ఎండ, బరువు.

ఎండ సంగతి హోండా తన అమెరికా మాన్యువల్‌లో సూటిగా రాసింది. ఒడిస్సీ, పైలట్ వంటి వి6 బండ్లకు పాత షెడ్యూల్‌లో మామూలు గడువు 1,05,000 మైళ్ళు లేదా ఏడేళ్ళు. 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో తరచుగా నడిపితే మాత్రం 60 వేల మైళ్ళకే, అంటే సుమారు 96 వేల కిలోమీటర్లకే మార్చమంది. టెక్సస్, ఆరిజోనాల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు సెకండ్ హ్యాండ్ ఒడిస్సీ కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. పైగా ఆ ఇంజనులో వాటర్ పంపును తిప్పేదీ టైమింగ్ బెల్టే. ఆ షరతు మన దేశపు పుస్తకాల్లో లేకపోవచ్చు, కానీ రెంటచింతలలో, రామగుండంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రబ్బరుకు దేశం తెలియదు. ఇక్కడి బండికి గడువు చివరిదాకా ఆగకుండా కాస్త ముందే మార్చడం తెలివైన పని.

ఇక రుజువు సంగతి. అమ్మేవారి నోటిమాట రుజువు కాదు. బెల్టు మార్చిన బిల్లు, దాని మీద బండి నంబరు, తేదీ, కిలోమీటర్లు, వాడిన పార్టు నంబర్లు ఉండాలి. కంపెనీ సర్వీసు సెంటర్లో చేయించి ఉంటే రిజిస్ట్రేషన్ నంబరు చెప్పి పాత సర్వీసు చరిత్ర అడగొచ్చు. బయటి షెడ్డులో చేయించిన జాగ్రత్తపరులు కొందరు బానెట్ లోపలో, టైమింగ్ కవరు మీదో చీటీ అంటిస్తారు. ఆర్సీలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. బెల్టు వయసు లెక్కపెట్టాల్సింది అక్కణ్ణుంచి, రిజిస్ట్రేషన్ తేదీ నుంచి కాదు. మీటరు తిప్పేయడం మన మార్కెట్లో కొత్తేమీ కాదు కాబట్టి క్లచ్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు అంచు చూసి అంకెను సరిపోల్చుకోవాలి. 45 వేల కిలోమీటర్ల బండిలో క్లచ్ పెడల్ నున్నగా అరిగిపోయి ఉందంటే ఆ 45 నమ్మదగ్గది కాదు. పాత ఇన్నోవాలో బెల్టు గడువు గుర్తుచేసే లైటు డ్యాష్‌బోర్డు మీద ఉంటుంది. బెల్టు మార్చాక దాన్ని రీసెట్ చేస్తారు. బెల్టు మార్చకుండా లైటు ఒక్కటే ఆర్పేయడమూ సాధ్యమే కనక, ఆ లైటు ఆరి ఉండటాన్ని బిల్లుతో సమానంగా తీసుకోకూడదు.

రుజువు లేదంటే బెల్టు మార్చలేదనే లెక్క. కొన్న వారంలోపు మార్చాలి, ఆ లోపు తిరుపతి ప్రయాణమో, షిరిడీ ప్రయాణమో పెట్టుకోకూడదు. ఆ ఖర్చు బేరంలోనే తేల్చుకోవడం న్యాయం: కిట్టు ధర, కూలీ ఎంతవుతుందో ముందే షెడ్డులో అడిగి తెలుసుకుని, అంత మొత్తం రేటులోంచి తగ్గించమనాలి. అమ్మేవాళ్ళు ఒప్పుకోకపోయినా అది కారు ధరలో భాగమేనని కొనేవాళ్ళు మనసులో కలుపుకోవాలి.

కవరు విప్పి చూసి బాగుందో లేదో చెప్పలేరా అన్నది చాలామంది అడిగే ప్రశ్న. పూర్వపు నియోప్రిన్ బెల్టులు ముందుగానే పగుళ్ళు చూపించేవి. ఇప్పటి బెల్టుల్లో వాడే రబ్బరు వేరు. వేడిని, నూనెను బాగా తట్టుకుంటుంది, పైపైన నల్లగా కొత్తదానిలా కనిపిస్తుంది, లోపలి గాజు దారాలు అలసిపోయి ఒకరోజు చెప్పాపెట్టకుండా పళ్ళు రాలుస్తుంది. కవరు విప్పి చూసిన మెకానిక్ బెల్టు పాడైందంటే నమ్మొచ్చు. బాగుందంటే ఆ మాటకు విలువ తక్కువ. అంచు నూలు పోగులు లేచినట్టు ఉన్నా, పళ్ళ మీది గుడ్డ అరిగి మెరుస్తున్నా, వీపు మీద గాజులా నిగనిగలాడుతున్నా, ఎక్కడైనా నూనె చెమ్మ కనిపించినా కిలోమీటర్లతో పనిలేదు, వెంటనే మార్చాలి. నూనె చెమ్మ ఉంటే బెల్టు ఒక్కటి మారిస్తే చాలదు. క్యామ్ సీలో, క్రాంక్ సీలో కారుతున్నట్టు. ఆ సీలు వేయకుండా కొత్త బెల్టు వేస్తే మళ్ళీ నూనెలో నానేదే.

చెవికి అందే సూచనలు కొన్ని ఉన్నాయి. ఉదయం స్టార్ట్ చేయగానే బెల్టు వైపు నుంచి గరగరమని లోహపు శబ్దం, యాక్సిలరేటర్ నొక్కితే సన్నగా కూత పెట్టడం, ఇవి చాలాసార్లు బెల్టువి కావు, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్‌వో, దారి మళ్ళించే ఐడ్లర్ పుల్లీవో, వాటర్ పంపు బేరింగువో అయి ఉంటాయి. నిజానికి బెల్టు తెగడానికి కారణం చాలాసార్లు బెల్టు కాదు, ఈ బేరింగులే. కొత్త బెల్టు మీద పాత టెన్షనర్ బిగించి ఇచ్చిన బండ్లను ఏడాది తిరక్కుండా షెడ్డుకు లాక్కొచ్చిన సందర్భాలు మెకానిక్కులకు కొత్త కాదు. కాబట్టి కొనాల్సింది విడి బెల్టు కాదు, కిట్టు: బెల్టు, టెన్షనర్, ఐడ్లర్లు, అవసరమైన చోట వాటర్ పంపు, ఒకసారే వాడాలని కంపెనీ చెప్పిన బోల్టులు. గేట్స్, కాంటిటెక్, డేకో, ఐఎన్ఏ, ఎస్కేఎఫ్ వంటి పేరున్న తయారీదార్ల కిట్లు దొరుకుతాయి. డూప్లికేట్ డబ్బాలూ అంతే సులువుగా దొరుకుతాయి కాబట్టి బిల్లు ఇచ్చే డీలరు దగ్గరే కొనాలి.

సగం సగం పనులు జరిగిన బండ్లు మార్కెట్లో చాలా ఉంటాయి, వాటికే తీర్పు కష్టం. బెల్టు 20 వేల కిలోమీటర్ల కింద మార్చినట్టు బిల్లు ఉంది, పంపు మాత్రం కంపెనీ నుంచి వచ్చినదే, లక్షకు పైగా తిరిగింది. పంపు పొడిగా ఉంది, చప్పుడు లేదు, పుల్లీ ఆడటం లేదు. ఇలాంటప్పుడు వెంటనే విప్పించనక్కర్లేదు. ఆయిల్ మార్చినప్పుడల్లా ఆ రంధ్రం దగ్గర టార్చి వేసి చూస్తూ, కూలెంటు మట్టం గమనిస్తూ వచ్చే బెల్టుదాకా నడపొచ్చు. పంపు కారడం మొదలైతే మాత్రం పంపూ బెల్టూ రెండూ కొత్తవి పడాల్సిందే, బెల్టు 20 వేలే తిరిగినా సరే. కూలెంటు పడ్డ బెల్టునూ, ఒకసారి విప్పిన బెల్టునూ మళ్ళీ ఎక్కించకూడదన్నది తయారీదార్ల మాట. దీనికి తిరగబడ్డ కేసు ఇంకోటి: పంపు కారి 40 వేల దగ్గర మార్చారట, బెల్టు సంగతి బిల్లులో లేదు. అంటే పంపు కోసం విప్పిన పాత బెల్టునే మళ్ళీ వేసి ఉండొచ్చు. ఆ బెల్టు గడువు దాకా ఉంటుందని అనుకోకూడదు.

పని ఎలా జరుగుతుందో తెలిసిన కస్టమరును షెడ్డులోనూ కాస్త గౌరవంగా చూస్తారు. ఇంజను చల్లారాక మొదలుపెట్టాలి. కుడి ముందు చక్రం విప్పి, ఇంజను కింద జాకీ ఆనించి ఆ వైపు మౌంటింగ్ తీయడం చాలా ముందు చక్రాల డ్రైవు కార్లలో తప్పదు. క్రాంకునూ క్యామునూ గుర్తుల దగ్గరికి తెచ్చి, ఆ ఇంజనుకు తయారైన లాకింగ్ పిన్నులతో కదలకుండా బంధిస్తారు. పిన్నులు లేకుండా వైట్‌నర్‌తో గీత గీసి పని కానిచ్చే షెడ్లూ ఉన్నాయి. పాత మారుతి 800కు అది సరిపోయిందేమో గానీ, కామన్ రైల్ డీజిల్ ఇంజను దగ్గర ఆ ధైర్యం పనికిరాదు. కొత్త బెల్టును మడవకూడదు, మెలిపెట్టకూడదు, స్క్రూడ్రైవర్‌తో తోసి ఎక్కించకూడదు. లోపలి గాజు దారాలు విరుగుతాయి. బిగువు సరిచేశాక సెల్ఫు జోలికి పోకుండా క్రాంకును పానాతో చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్ళీ అక్కడికే వచ్చాయో లేదో చూడాలి. మధ్యలో ఎక్కడైనా గట్టిగా అడ్డు తగిలితే బలం ఉపయోగించకుండా ఆపి, మళ్ళీ మొదటినుంచి అమర్చాలి. ఈ రెండు చుట్లు తిప్పడానికి అయిదు నిమిషాలు పట్టదు. తొందరలో వదిలేసే దశ కూడా సరిగ్గా ఇదే. తీసిన పాత బెల్టు, టెన్షనర్, పంపు మూడూ అడిగి తీసుకోవడం మంచి అలవాటు. పని నిజంగా జరిగిందని తెలుస్తుంది, పాత పార్టు చూస్తే ఇంజను ఎలా నడిచిందో కూడా కొంత తెలుస్తుంది.

పంపు మార్చిన చోట కూలెంటు కొత్తది పోయాలి. మన దగ్గర పంపులు తొందరగా పోవడానికి పెద్ద కారణం రేడియేటర్‌లో బోరు నీళ్ళు పోసే అలవాటు. ఆ నీళ్ళలోని ఉప్పులు వేడికి పొలుసులుగా కట్టి సీలు ముఖాన్ని గీరుతాయి, రేడియేటర్ సన్న గొట్టాలను పూడుస్తాయి. తుప్పు నిరోధకాలు లేని నీళ్ళలో ఇనుప రెక్కలు కాలక్రమంలో తినేసినట్టు అరుగుతాయి. కంపెనీ చెప్పిన రకం కూలెంటును చెప్పిన పాళ్ళలో డిస్టిల్డ్ నీళ్ళతో కలిపి పోయాలి, లేదా కలిపి అమ్మేదే తేవాలి. రెండు రంగుల కూలెంట్లను కలపకూడదు. రంగు ఒకటే అయినంత మాత్రాన రకం ఒకటేనని కూడా కాదు. పోశాక లోపలి గాలి బుడగలు వెళ్ళిపోయేలా ఇంజను నడిపి, చల్లారాక మట్టం మళ్ళీ చూడాలి. రేడియేటర్ మూత ప్రెషర్ కుక్కర్ మూత చేసే పనే చేస్తుంది: లోపల గాలి ఒత్తిడికి మించి 1 బార్ ఒత్తిడి నిలిపితే మామూలు నీళ్ళే 120 డిగ్రీల దాకా మరగవు. స్ప్రింగు బలం తగ్గిన మూత పెట్టి కొత్త పంపు వేసినా బండి పొంగుతుంది. వేడిమీద ఆ మూత తీయకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

వరద బండ్ల గురించి ఒక మాట. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు రోజులకొద్దీ నీళ్ళలో నిలిచాయి. అలాంటివి కొన్ని కడిగి, సీట్లు మార్చి, వేరే జిల్లాలో అమ్మకానికి వస్తాయి. టైమింగ్ కవరు నీళ్ళు చొరబడనిది కాదు. లోపలికి చేరిన ఒండ్రు ఎండి పుల్లీ పళ్ళ మధ్య ఇసుక కాగితంలా కూర్చుంటుంది, బేరింగుల గ్రీజు కడుక్కుపోతుంది. కవరు తీసినప్పుడు లోపల ఎర్రమట్టి పొర కనిపిస్తే బిల్లులు ఏమి చెప్పినా మొత్తం కిట్టు మార్చాలి, ఆ బండి కొనడం గురించే మళ్ళీ ఆలోచించాలి.

ఈమధ్య వచ్చిన కొన్ని ఇంజన్లలో బెల్టు బయట పొడిగా కాకుండా ఇంజనాయిల్లోనే తడిసి తిరుగుతుంది. ఎకోస్పోర్ట్‌లో వచ్చిన 1.0 లీటర్ల ఎకోబూస్ట్ పెట్రోలు ఇంజను అలాంటిదే. వీటిలో బెల్టు ఆయుష్షు ఆయిల్ చేతిలో ఉంటుంది. కంపెనీ చెప్పిన గ్రేడు కాకుండా వేరే ఆయిల్ పోసినా, మార్చడం ఆలస్యం చేసినా రబ్బరు పొడిపొడిగా రాలి ఆయిల్ పంపు జల్లెడను మూసేస్తుంది. అప్పుడు బెల్టు తెగకముందే ఆయిల్ అందక ఇంజను పట్టేస్తుంది. ఇలాంటి బండి కొనేవారు బెల్టు బిల్లుకన్నా ముందు ఆయిల్ మార్చిన బిల్లులన్నీ వరసగా అడగాలి. ఫోర్డ్ భారతదేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. అందుకే ఈ కార్లకు కిట్టు దొరికే చోటు, ఈ పని తెలిసిన షెడ్డు ఎక్కడున్నాయో కొనకముందే కనుక్కోవాలి.

బెల్టు, పంపు మార్పించినవారు ఆ రోజు తేదీ, మీటరు అంకె, పంపు కూడా మార్చారో లేదో చిన్న చీటీ మీద రాసి బానెట్ లోపల అంటించాలి, బిల్లు సర్వీసు పుస్తకంలో పెట్టాలి. మళ్ళీ ఎప్పుడు మార్చాలన్న లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.